చోరుని దారులకు పటము గీయుట

సహకార సంఘపు సొమ్ము నపహరింపగోరినవాడు పూర్వము ఇనుపపెట్టె యున్న గదికి కన్నము వేయవలసియుండెను. అమావాస్య చీకటి, గునపము, కావలివాని కునికిపాటు వానికి సాధనములు. నేడు సంఘముల పద్దులు కంప్యూటరులలోని కెక్కుచున్నవి. దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకై రూ. 2,516 కోట్ల పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన ఆమోదించినది. సంఘపు లెక్క జిల్లా కేంద్ర బ్యాంకు లెక్కతోను, అది రాష్ట్ర బ్యాంకు లెక్కతోను ముడిపడుటయే దీని యుద్దేశము. ఇందువలన లాభములు పెక్కు గలవు. మదనపల్లె టొమాటో రైతు గాని, కుప్పము ప్రాంతపు పట్టుపురుగుల పెంపకందారు గాని తన ఋణపులెక్క నేటి కేటికి ఎంతయున్నదో క్షణములో తెలిసికొనగలడు. కాని దారి సభ్యునికి దగ్గరయైనచో చోరునికిని దగ్గరయగును. వాడు పుంగనూరునకు రానక్కఱలేదు. పుంగనూరు ఏ దిక్కున నున్నదో వాడెఱుగకపోయినను బాధలేదు.

ఇట్టి చోరత్వమును గూర్చి చెప్పునపుడు మనవారు తఱచు రెండు మాటలలో ముగింతురు: ఎవడో గుమాస్తా రాకూడని ఉత్తరమును తెఱచెను, సొమ్ము పోయెను. ఇది సగము నిజము. మిగిలిన సగమును కంటికి కనబఱచుటకు శాస్త్రజ్ఞు లొక పద్ధతిని కల్పించిరి. దాడి జరుగగల విధములన్నిటిని నియమబద్ధమైన పటముగా గీసి, ఆ పటముపై లెక్క వేయుటయే ఆ పద్ధతి. పేరు విన్నపుడు ఇది ఇంజనీరుల వ్యవహారమని తోచును గాని, చెఱువుకట్టను కాపాడిన రైతునకు ఇందు క్రొత్తది చాల తక్కువ.

చెఱువునే తీసికొందము. కట్ట తెగుట యనునది కాగితము పైభాగమున వ్రాయుడు. కట్ట ఎట్లు తెగును? నీరు కట్టమీదుగా పొర్లిపోవుటచే నైనను తెగును. ఎండ్రకాయ బొరియలలో నీరు దూరి లోపల గుల్లచేయుటచే నైనను తెగును. ఈ రెంటిని పైమాట క్రింద రెండు కొమ్మలుగా గీయుడు. ఇందేదైనను ఒక్కటి చాలును గనుక, కొమ్మలు చీలినచోట నున్న కణుపునకు ‘ఏదైనను’ అని పేరు పెట్టుడు. ఇక మొదటి కొమ్మను చూడుడు. నీరు పొర్లవలెనన్న గొప్ప వాన కురిసి వఱద రావలయును, మరవ పూడిపోయియుండవలయును, నీరుగంటి సకాలమున తూము తెఱవకయుండవలయును. మూడును కూడిననే గాని నీరు పొర్లదు. ఇట్టి కణుపునకు ‘అన్నియు’ అని పేరు. వాన మన చేతిలో లేదు. అయినను ‘అన్నియు’ కణుపు క్రింద నొక్క కొమ్మను నఱికినచో ఆ దారి మూసికొనిపోవును. మరవ పూడిక తీసిన చాలును. ‘ఏదైనను’ కణుపు క్రింద నట్లు కాదు. మరవ ఎంత బాగుచేసినను బొరియలు బొరియలుగానే యుండును.

ఇంతే దీని వ్యాకరణము. వేరు పైననుండి కొమ్మలు క్రిందికి వ్రేలుటచే ఇది తలక్రిందులైన చెట్టువలె నుండును. పురాణకాలక్షేపములలో ఊర్ధ్వమూలమైన అశ్వత్థమును గూర్చి వినినవారికి ఈ యాకారము వింతగా తోచదు. ఇక చీలని చివరలను ఆకులందురు. ఒక్కొక్క ఆకు చోరుడు చేయవలసిన ఒక్కొక్క చిన్న పని.

ఈ చెట్టు మొదట దొంగల కొఱకు పుట్టినది కాదు. అమెరికాయందలి బెల్ టెలిఫోను ప్రయోగశాలలో హెచ్. ఏ. వాట్సన్ అను నాతడు 1962 ప్రాంతమున మినిట్‌మన్ క్షిపణులు పొరబాటున ఎగిరిపోవు విధములేవో తెలియుటకై లోపవృక్షము లను వానిని గీసెను. యంత్రము తనంతట చెడుటను గూర్చిన యీ చెట్టును, మనుష్యుడు బుద్ధిపూర్వకముగా చెఱచుటకు అన్వయించి 1999లో బ్రూస్ ష్నయర్ ‘దాడి వృక్షము’ అను పేరున ప్రచారమునకు తెచ్చెను. 2005లో మావ్, ఊస్ట్‌డైక్ అను పండితులు దానికి గణితపు పునాది కట్టిరి. 2010లో కోర్డి మొదలగువారు దాడికొమ్మల ప్రక్కనే రక్షణకొమ్మలను గూడ వ్రాయు పద్ధతిని చేర్చిరి. గణితపు పునాది యేల యని యడుగవచ్చును. పొలము హద్దులను నోటిమాటగా చెప్పుటకును, సర్వే నంబరుతో పటము గీయుటకును గల భేదమే ఇచ్చటను గలదు. నియమముతో గీసిన పటమును పదిమంది చదివినను ఒక్క యర్థమే వచ్చును. ఎవరు లెక్క కట్టినను ఒక్క ఫలితమే తేలును.

ఇప్పుడు మన తెలుగువారి సహకార బ్యాంకునందు జరిగిన సంగతిని ఈ చెట్టుపై నెక్కించి చూతము. హైదరాబాదునందలి ఏ.పీ. మహేశ్ సహకార అర్బన్ బ్యాంకునుండి 2022 జనవరి మాసమున రూ. 12.48 కోట్లు కంప్యూటరు మార్గమున తరలింపబడెను. పోలీసులు దర్యాప్తుచేసి వెల్లడించినదానినిబట్టి, 2021 నవంబరులోనే చోరులు బ్యాంకు సిబ్బందికి రెండువందలకు పైగా ఎఱ ఇమెయిళ్లను పంపిరి. ఇద్దఱు ఉద్యోగులు వానిని తెఱచిరి. తెఱచినంతనే, దూరముననుండి కంప్యూటరును నడుపుటకు వీలిచ్చు దొంగ సాఫ్టువేరు లోపల చేరెను. మీటలపై వ్రేళ్లు కొట్టిన ప్రతి యక్షరమును అది చోరులకు అందజేసెను. అచ్చటినుండి వారు బ్యాంకు ప్రధాన సర్వరునకు చేరి, ఖాతాల నిలువలను మార్చి, కొన్ని ఖాతాలకు సొమ్ము పంపు పరిమితిని పెంచి, ఇతర బ్యాంకులలోని 115 ఖాతాలకు సొమ్ము తరలించిరి. అది మఱల 398 ఖాతాలకు చీలి, దేశమంతట 938 ఏటీఎంలలో నగదుగా బయటికి వచ్చెను.

ఈ చెట్టునకు పైన ‘నగదు చోరుని చేత పడుట’ అని వ్రాయుదము. దాని క్రింది కణుపు ‘అన్నియు’. ఏలయన లోపలికి ప్రవేశించుట, ప్రవేశించిన కంప్యూటరునుండి ప్రధాన సర్వరునకు చేరుట, అచ్చట ఖాతాలను మార్చు నధికారము సంపాదించుట, మార్పును ఎవరును గమనింపకుండుట, బయటికి పంపుట, పంపిన సొమ్మును నగదు చేయుట, ఈ యాఱును జరిగిననే గాని వాని పని నెఱవేఱదు. ఇందు మొదటి కొమ్మ యొక్కటియే ‘ఏదైనను’ కణుపుగా చీలినది. రెండువందలకు పైగా ఆకులు, అందొక్కటి పండిన చాలును! రెండు పండినవి. నూటికి తొంబదితొమ్మిదిమంది సిబ్బంది జాగరూకులై యున్నను ఇట్టి కణుపును పూర్తిగా మూయుట మానవసాధ్యము కాదు. కావున ఆ యిద్దఱు ఉద్యోగులనే నిందించి ఊరకుండుట, బొరియల చెఱువునకు కాపలాదారుని తిట్టి తృప్తిపడుటవంటిది.

రెండవ, మూడవ కొమ్మలను చూడుడు. బ్యాంకు కంప్యూటరులను వేర్వేఱు అఱలుగా విభజించు కట్టుదిట్టములు లేకుండెననియు, సర్వాధికారములు గల ‘సూపర్ యూజర్లు’ అవసరమునకు మించి యుండిరనియు, వారిలో కొందఱికి ఒకే పాస్‌వర్డు ఉండెననియు పోలీసులు చెప్పిరి. అఱలు లేని ధాన్యపుకొట్టులో ఎలుక ఒక మూల దూరినను అంతయు దానిదే. ఇచ్చట నొక్క గోడ యున్నచో, ఎఱ ఉత్తరము తెఱవబడినను ఆ కంప్యూటరొక్కటియే చెడియుండెడిది. రిజర్వు బ్యాంకువారు 2023లో ఈ బ్యాంకుపై సైబరు భద్రతా నియమములను పాటింపనందులకు రూ. 65 లక్షల జరిమానా విధించిరి. జరిమానా పడినది ఉత్తరము తెఱచిన గుమాస్తామీద గాక బ్యాంకుమీద నగుట, మన చెట్టు చెప్పు తీర్పునకు సరిపోవుచున్నది.

ఆఱవ కొమ్మను గూర్చి ఒక్కమాట. కమీషనునకు ఆశపడి తమ బ్యాంకు ఖాతాలను ఇతరులకు వాడుక కిచ్చినవారును ఈ కేసులో పట్టుబడిరి. నీ ఖాతాలో లక్ష పడును, పదివేలు నీవుంచుకొని మిగిలినది తీసియిమ్మని ఎవడైన అడిగినచో, అట్లు చేసినవాడు ఈ చెట్టున కొక ఆకు అగుచున్నాడని యెఱుగవలెను. గ్రామములందలి నిరుద్యోగ యువకులకు ఇది ప్రత్యేకముగా చెప్పవలసిన మాట.

చెట్టుపై లెక్క వేయుట యెట్లో ఇప్పుడు చెప్పెదము. ఈ క్రింది యంకెలు కేవలము ఊహించినవి. పద్ధతి తెలియుటకు మాత్రమే. ఒక సంఘపు ఖాతానుండి సొమ్ము పంపుటకు చోరునికి మూడు దారులున్నవనుకొనుడు. మొదటిది, కార్యదర్శి పాస్‌వర్డును ఎఱ ఉత్తరముతో కాజేయుట (ఖర్చు రూ. 2,000), మఱియు అతని ఫోను నంబరుకు దొంగ సిమ్ము సంపాదించి ఓటీపీని పట్టుట (రూ. 20,000), రెండును కావలెను గనుక కూడవలెను, మొత్తము రూ. 22,000. రెండవది, లోపలివాని నొకనిని లోబఱచుకొనుట, రూ. 1,00,000. మూడవది, మధ్యాహ్న భోజనవేళ తెఱచి విడిచిన కంప్యూటరులో దొంగ సాఫ్టువేరు ఎక్కించుట, రూ. 5,000. ‘అన్నియు’ కణుపున కూడిక, ‘ఏదైనను’ కణుపున కనిష్ఠము. కావున ఈ సంఘమును దోచుటకు చోరునికి పట్టు ఖర్చు రూ. 5,000 మాత్రమే. ఇప్పుడు ఆ సంఘమువారు మొదటి దారిని మూయుటకు ఎంత వెచ్చించినను ఈ యంకె కదలదు. భోజనమునకు లేచునపుడు కంప్యూటరునకు తాళము వేయు నలవాటు చేసికొనిరా, పైసా ఖర్చులేక అది రూ. 22,000కు పెరుగును.

మఱియొక యుపాయము గలదు. సొమ్ము పంపవలెనన్న అధ్యక్షుడు తన ఫోనునుండి వేఱుగా ఆమోదింపవలెనని నియమము పెట్టిరనుకొనుడు. చోరునికి దానిని గెలుచుట మఱియొక రూ. 20,000 అనుకొందము. ఈ కొమ్మ వేరునకు దాపున ‘అన్నియు’ కణుపుగా చేరుటచే మూడు దారులకును ఒక్కసారిగా రూ. 20,000 చొప్పున భారము పెరుగును. భోజనవేళ కంప్యూటరు తెఱచియేయున్నను ఖర్చు రూ. 25,000 అగును, తాళము గూడ వేసినచో రూ. 42,000. ఇద్దఱి సంతకము లేనిదే చెక్కు చెల్లదని పూర్వులు పెట్టిన నిబంధనకు ఇదియే యర్థము. కాని అధ్యక్షులవారు, తమకు ఈ యంత్రములు తెలియవని చెప్పి, పాస్‌వర్డును చీటీపై వ్రాసి కార్యదర్శి బల్లసొరుగులో నుంచి, ఫోనును గూడ ఆఫీసులోనే విడిచి పొలమునకు పోయిరనుకొనుడు. ఇట్టిది జరుగదని ఎవరు చెప్పగలరు? అప్పుడు చెట్టుపై రెండాకులుగా కనబడునవి నిజమునకు ఒక్క ఆకే. కూడవలసిన రూ. 20,000 సున్న యగును. మహేశ్ బ్యాంకులో కొందఱికి పాస్‌వర్డు ఒక్కటియే యగుటయు ఇట్టిదే. పటము గీయునపుడు అన్నిటికంటె ముందుగా వెదకవలసినది, రెండుచోట్ల రెండు పేర్లతో దాగియున్న ఇట్టి ఒంటి ఆకులను.

చెట్టు ఏమేమి కావలెనో చెప్పును గాని, ఏ వరుసలో, ఎచ్చటినుండి యెచ్చటికి అనునది స్పష్టముగ చెప్పదు. అందులకు దారిపటము కావలెను. దీనిని గ్రాఫు అందురు. కోనిగ్స్‌బర్గు పట్టణపు ఏడు వంతెనలను గూర్చి 1736లో ఆయిలరు అను గణితవేత్త విచారించినప్పటినుండి ఈ శాస్త్రము పెరిగినది. ఊళ్లను చుక్కలుగాను, బాటలను గీతలుగాను వ్రాయుటయే. మదనపల్లెనుండి టొమాటో లారీ పుంగనూరు మీదుగా పలమనేరునకు వచ్చును. అచ్చటనుండి ఒక దారి చిత్తూరు వైపునకును, మఱియొకటి కుప్పము వైపునకును పోవును. ఈ పటమును చూచినంతనే, లారీలను తనిఖీ చేయుటకు తగినచోటు పలమనేరని చిన్నపిల్లవాడైనను చెప్పును. కంప్యూటరుల పటములో చుక్కలు ఊళ్లు గావు, చోరుడు సంపాదించిన స్థితులు. గుమాస్తా కంప్యూటరు చేతిలో పడుట యొక చుక్క, సర్వరునకు చేరుట మఱియొక చుక్క, వీనిని కలుపు గీత చోరుని యొక్కొక్క అడుగు. ఇట్టి పటములను కంప్యూటరుచేతనే స్వయముగా గీయించు పద్ధతిని 2002లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారు షైనర్, వింగ్ మొదలగువారు చూపిరి. మనుష్యుడు మఱచు దారిని యంత్రము మఱవదు. అయితే పెద్ద బ్యాంకులకు గీసిన పటము సాలెగూడువలె అల్లుకొని చూచుటకే వీలులేని దగును. మన సంఘములవంటి చిన్నవానికి ఆ కష్టము లేదు.

మహేశ్ బ్యాంకు సొమ్ము దారిని ఇట్లు గీసినచో నొక సంగతి కన్నులకు కట్టును. సర్వరునొద్ద దారి యొక్కటి. అది దాటినపిదప 115, ఆపై 398, ఆపై 938. తూమునొద్ద నీటిని ఒకడు పలకవేసి ఆపగలడు. మడులలో పాఱినపిదప ఊరంతయు కదలినను ఆపలేదు. అందుచేతనే సొమ్ము పోయినట్లు తెలిసిన క్షణముననే 1930 అను నంబరునకు ఫోనుచేయుడని ప్రభుత్వమువారు చెప్పుచున్నారు. ఆ ఫిర్యాదు సొమ్ము చేరిన బ్యాంకులకు వెంటనే పోయి, ఇంకను నగదు కానిదానిని నిలిపివేయుట కవకాశ మిచ్చును. పెద్దలతో ఆలోచించి రేపు చెప్పుదమనుకొనుట, చీలికలు పెరుగుటకు గడువిచ్చుటయే.

బ్యాంకు సంగతి యటుండ, రైతున కింకను దగ్గఱయైన చెట్టొకటి గలదు. గ్రామములలో ఆధారు మూలమున వ్రేలిముద్ర వేసి నగదు తీసికొనుట నేడు వాడుక. దీనికి ఆధారు సంఖ్య, బ్యాంకు పేరు, వ్రేలిముద్ర, ఈ మూడును కావలెను. ఇది ‘అన్నియు’ కణుపే గదా, భద్రమే యని తోచును. కాని 2018లో తెలంగాణమునందలి పెద్దపల్లి జిల్లాలో బయటపడిన వ్యవహారమును తలచుడు. రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులోని భూమి దస్తావేజులనుండి వ్రేలిముద్రలను తీసి, రబ్బరుపై అచ్చుపోసి, ఆ ముద్రలతో వేలకొలది సిమ్ములను చెల్లుబాటు చేసిరి. దస్తావేజున వ్రేలిముద్రయు ఆధారు సంఖ్యయు ఒకేచోట నున్నచో, మూడాకులలో రెండు ఒక్క కాగితముననే రాలుచున్నవి. మిగిలినది బ్యాంకు పేరు. పల్లెలో అది యెవరికి తెలియదు?

దీనికి విఱుగుడు ఆధారు సంస్థవారే కల్పించిరి. వారి వెబ్‌సైటులో గాని, ఫోను యాప్‌లో గాని వ్రేలిముద్రలకు తాళము వేసికొనవచ్చును. తాళము వేసినపిదప దొంగముద్ర చెల్లదు. అసలు ముద్రయు చెల్లదు. చౌకధరల దుకాణములో బియ్యము తెచ్చుకొనునాడు తాత్కాలికముగ తాళము తీయవలెను. ఒంటరిగానున్న ముసలివారికి ఈ తిప్పలు పెట్టుట యుచితమా యని మేమును సందేహించితిమి. ఖాతాలో నెక్కువ నిలువ యున్నవారికి ఇది తగును. పింఛను సొమ్ము వచ్చిననాడే తీసికొనువారికి అంతగా అవసరము లేదనియే మా యభిప్రాయము.

పటమునకు గల దోషమును గూడ చెప్పవలెను. గీయని దారి పటములో నుండదు. పలమనేరులో కాపలా పెట్టితిమని ధైర్యముగ నున్నపుడు, కర్ణాటకపు పల్లెబాటల నెఱిగిన డ్రైవరు అటుగా వెడలిపోవును. చోరుని ఖర్చును గూర్చి మనము వేయు నంకెలును అంచనాలే. నిరుడు లక్ష పట్టిన పని నేడు వేయిలో జరుగవచ్చును. కావున పటము గీయుట ఒక్కనివల్ల కాదు. కార్యదర్శికి తెలిసిన దారి అధ్యక్షునికి తెలియదు. కంప్యూటరు బాగుచేయ వచ్చు కుఱ్ఱవాడు ఏ తాళముతో లోనికి పోవుచున్నాడో ఇద్దఱికిని తెలియకపోవచ్చును. ముగ్గురును ఒక పెద్ద కాగితముచుట్టు కూర్చుండి, సొమ్ము బయటికి పోవు విధములన్నిటిని పైనుండి క్రిందికి వ్రాసి, ఒక్కొక్క ఆకుకడ ఇది నేడు మూసియున్నదా తెఱచియున్నదా యని గుర్తుపెట్టవలెను. ఒక పూట పని. తెఱచియున్న ఆకులన్నియు కూడి వేరువఱకు చేరునేమో చూచుట తరువాతి పని. క్రొత్త కంప్యూటరు వచ్చినపుడును, ఉద్యోగి మాఱినపుడును దానిని తిరుగ గీయవలెను. మానిపోయిన ఉద్యోగి పాస్‌వర్డు కొట్టివేయబడలేదని బయటపడునది తఱచు అప్పుడే.

గీసిన కాగితమును గోడకు అంటింపరాదు, ఫోనులో ఫోటో తీసి పదిమందికి పంపరాదు. సంఘమునకు గల బొరియలన్నియు వరుసగా వ్రాసియున్న పటమది. మహాసభలో చూపవలసినది మూసిన కొమ్మల సంఖ్యయే గాని పటము గాదు. పటమును అధ్యక్షుడు తన తాళము క్రిందనే యుంచుకొనవలెను.